కార్డుకు తీసిన ఫొటో

తీసేసిన పిత్తాశయం మళ్లీ మొలవదు. ఈ సంగతి తెలుసుకోవడానికి రేడియాలజీలో ఎండీ అక్కర్లేదు. అయినా డాక్టర్ రాగసుధ తెర మీది రెండు స్కాన్ బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది. ఎడమ బొమ్మలో కాలేయం కింద పిత్తాశయం లేదు. ఎప్పుడో ఆపరేషన్ చేసి తీసేసినప్పుడు వేసిన క్లిప్పులు మాత్రం తెల్లగా కనపడుతున్నాయి. కుడి బొమ్మలో పిత్తాశయం చిన్న జామకాయలా నిక్షేపంగా ఉంది. రెండు బొమ్మల మీదా ఒకటే నంబరు. ఒకే రోగి. ఒకటి కీమోకి ముందు తీసింది, రెండోది కీమో అయిపోయాక తీసింది.

మంగళగిరి దగ్గర హైవే పక్కనున్న ఆ కేన్సర్ ఆస్పత్రిలో స్కాన్లు చదవడం రాగసుధ ఉద్యోగం. అది కాక పరిశోధన పని ఒకటి నెత్తికెత్తుకుంది. కొన్ని ఆస్పత్రులు కలిసి కేన్సర్ రోగుల స్కాన్ బొమ్మల్ని, వాళ్ల వైద్య వివరాల్ని ఒకచోట జతచేస్తున్నాయి. వయసెంత, జబ్బేంటి, ఏ దశలో ఉంది, ఏ మందులిచ్చారు, చివరికి ఏమైంది. ఒక్కో ఆస్పత్రి ఒక్కో తీరుగా రాసుకున్న ఈ సంగతులన్నీ ఒకే పద్ధతిలోకి మార్చి బొమ్మ పక్కన పెడితే, ఏ గడ్డ ఏ మందుకు కరుగుతుందో కంప్యూటరు నేర్చుకుంటుంది. రేపు వచ్చే రోగికి అది పనికొస్తుంది. మంచి పనే. అందుకే ఆమె అడిగి మరీ చేరింది. పేర్లు, ఊళ్లు ముందే తీసేస్తారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి నంబరే మిగులుతుంది. ఆమె చెయ్యాల్సిందల్లా మౌసు పట్టుకుని ప్రతి పొరలోనూ గడ్డ అంచు వెంట గీత గియ్యడం. ఒక పొర అయ్యాక ఇంకో పొర. కళ్లు మండేదాకా.

ఈ నంబరు మీద అందరికీ గొప్ప మోజు. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కేన్సర్. కడుపులో, మెడలో గుత్తులుగా గడ్డలు. కీమో తర్వాత తీసిన స్కాన్‌లో ఒక్కటీ లేదు. “చివరికి ఏమైంది” అన్నచోట “పూర్తిగా తగ్గింది” అని ఉంది. హైదరాబాద్ మీటింగులో చూపించే మొదటి బొమ్మ ఇదేనని నిర్ణయమైపోయింది. రాగసుధకు ముందు నుంచీ ఎక్కడో నచ్చలేదు. అంత పెద్ద గడ్డలు కరిగినా ఎంతో కొంత మచ్చ మిగులుతుంది. ఇక్కడ మచ్చ కూడా లేదు. ఇప్పుడు పిత్తాశయం. నడుం ఎముకలు చూసింది. ఎడమ మనిషికి పూసల అంచులు అరిగి ముక్కులు దేరాయి. కుడి మనిషి పూసలు నున్నగా ఉన్నాయి. ఇంక అనుమానం లేదు. వీళ్లిద్దరూ వేరు. కుడి మనిషికి ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు. మరి ఎడమ మనిషి ఏమైంది? ఆమె గడ్డలు ఏమయ్యాయి?

ఒళ్లు మండింది. ట్యాబ్ తీసుకుని మెట్లెక్కింది.

డాక్టర్ శరత్‌చంద్ర ఓపీ ముగించి భోజనం క్యారేజీ విప్పుతున్నాడు. ప్రాజెక్టుకు పెద్ద ఆయనే. ఆ రోగికి కీమో ఇచ్చిందీ, జబ్బు పోయిందని చెప్పి పంపిందీ కూడా ఆయనే. తెలివైనవాడు. రెండు బొమ్మలూ చూడగానే ఆయనకు విషయం అర్థమైపోయింది.

“ఒకళ్ల కార్డు మీద ఇంకొకళ్లు వచ్చారు,” అన్నాడు. “ఉచిత వైద్యం అన్నాక ఇవి మామూలే. ఈ నంబర్ని ఎక్స్‌క్లూడ్ చేసెయ్. కారణం దగ్గర బొమ్మలు సరిపోలలేదని పెట్టు.”

“తీసేస్తే మన డేటా శుభ్రమవుతుంది సార్. మరి ఆ మనిషి?”

“ఏ మనిషి?”

“ఎడమ బొమ్మ మనిషి. ఆమె గడ్డలు కరిగాయో లేదో ఎవరికీ తెలియదు. ఆమెకి స్కానే తియ్యలేదు. తగ్గిపోయిందని ఇంటికి పంపేశాం.”

శరత్‌చంద్ర పప్పు కలుపుకుంటూ ఆగాడు. “చూడు రాగసుధా, రీసెర్చ్‌లో మనకి నంబర్లే ఉంటాయి. నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి మనిషిని వెతకడం రూల్సుకి విరుద్ధం. అందరితో పాటు నువ్వూ సంతకం పెట్టావు.”

“వాళ్ల గుట్టు బయటపడకూడదని పెట్టిన రూలు సార్ అది. వాళ్లు చచ్చిపోతుంటే మనం కూర్చుని గీతలు గీసుకోమని పెట్టింది కాదు.”

“గొంతు తగ్గించు. ఇది బయటికొస్తే ఏమవుతుందో ఆలోచించావా? దొంగతనంగా కార్డు వాడారని వాళ్ల మీద కేసు. కనిపెట్టలేదని మన మీద విచారణ. ఆస్పత్రికి ఉచిత వైద్యం ఆపేస్తారు. అప్పుడు కింద హాల్లో కూర్చున్నవాళ్లంతా ఎక్కడికి పోతారు? చెప్పు.”

ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఆయన చెప్పేదాంట్లో నిజం ఉంది, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తాపీగా అన్నం తింటున్నాడు కూడా.

“ఒక్కటే అడుగుతాను సార్. నెలల తరబడి కీమో కోసం మీ ముందు కూర్చున్నది ఒకామె. జబ్బు పోయిందని మీరు చెప్పింది ఇంకొకామెకి. కీమోలో ఉన్నామెకి జుట్టంతా ఊడిపోయి ఉంటుంది. రెండో ఆమెకి ఏ రోగమూ లేదు. మీకు తేడా తెలియలేదా?”

“తల మీద కొంగు కప్పుకుని కూర్చుంటారు. నాకు ఫైలు కావాలి, రిపోర్టు కావాలి. పూటకి ఎంతమందిని చూస్తానో నీకు తెలుసా? మొహాలు చూస్తూ కూర్చుంటే ఓపీ ఎప్పటికి తెమలాలి?” ఆయన క్యారేజీలో ఇంకో గిన్నె మూత తీశాడు. “ఆ నంబరు తీసేసి, క్వాలిటీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి పంపించెయ్. హైదరాబాద్ వాళ్లు ఎదురుచూస్తున్నారు.”

రాగసుధ సంతకం పెట్టలేదు. కిందికొచ్చి, పెట్టని సంతకం కన్నా పెద్ద తప్పు చేసింది. ఆస్పత్రి రికార్డులు తెరిచి, ఆ స్కాన్ తీసిన తేదీ పట్టుకుని పేరు వెతికింది. షేక్ సైదాబీ. సత్తెనపల్లి అవతల ఒక ఊరు. ఫోను నంబరు భర్త ఖలీల్‌ది.

“సైదాబీగారి ఇంట్లోవాళ్లేనా అండీ? ఆస్పత్రి నుంచి. సైదాబీగారు ఎలా ఉన్నారు?”

“మా ఇంటామెకేమండీ, గుండ్రాయల్లే ఉంది. కల్లంలో కాయలేరతంది.” అంతలోనే ఖలీల్ గొంతు మారింది. “అంటే, తగ్గిపోయిందమ్మా. మీ దయవల్ల.”

“ఒకసారి రావాలి. మళ్లీ చూడాలి.”

“ఇప్పుడు మిరపకాయల టైమమ్మా. కల్లం లేచినాక వస్తాంలెండి.”

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే రాగసుధ తన కారులో బయల్దేరింది. దారి పొడుగునా ఆమె మనసులో ఆ కుటుంబాన్ని కూడా తిడుతూనే ఉంది. కార్డులు మార్చుకునే తెలివి ఉంది గానీ, స్కాన్ మార్చుకోకూడదన్న ఇంగితం లేకపోయిందా అని. సత్తెనపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి. అద్దాలు ఎత్తి ఉన్నా మిరప ఘాటు లోపలికొచ్చి గొంతు పట్టేసింది.

డొంక దగ్గర కారు ఆపి, అడుగుతూ అడుగుతూ కల్లం చేరింది. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగుపోయి తెల్లబడ్డ కాయల్ని ఒక పక్కకు విసిరి, ఎర్రకాయల్ని వెనక్కి నెడుతూ, కూర్చున్నచోటు నుంచే ముందుకు జరుగుతున్నారు. ఘాటుకి అందరూ ముక్కు మీదికి గుడ్డ కట్టుకున్నారు. కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. రాగసుధ ఆ వరసకేసి చూసి నిలబడిపోయింది. తను వెతుక్కుంటూ వచ్చిన మనిషి లోపలి ఎముకలన్నీ తనకు తెలుసు. నడుం పూసల అరుగుదల తెలుసు. మొహం మాత్రం తెలియదు. శరత్‌చంద్రను అన్న మాట తనకు తిరిగి తగిలింది.

“సైదాబీ ఎవరమ్మా?”

పుష్టిగా ఉన్న ఒకామె గుడ్డ కిందికి లాగి లేచింది. ఆమె పక్కనున్న సన్నటి మనిషి తలెత్తలేదు. కాయల మీద ఆడుతున్న ఆమె చెయ్యి మాత్రం ఆగింది.

“ఆస్పత్రి నుంచి వచ్చాను. మీరెవరూ భయపడక్కర్లేదు. పోలీసుల్ని తేలేదు. నీ కార్డు మీద వైద్యం చేయించుకున్నామె ఎవరో చెప్పు చాలు.”

కాయలు నింపిన గోనె టిక్కీలు కుడుతున్న ఖలీల్ సూదీ పురికొసా పక్కన పడేసి వచ్చాడు. “ఏం తప్పు చేశామమ్మా? మనిషి పోతంటే చూస్తా ఊరుకోమంటారా?”

“నువ్వుండు, నేను చెబతా,” అంది సైదాబీ. “ఇది నస్రత్. మా ఆయన చెల్లెలు. దీని మొగుడు దీన్ని ఒదిలేసి చిలకలూరిపేటలో ఇంకోదాన్ని పెట్టుకున్నాడు. దీని పేరు ఇంకా ఆడి కార్డులోనే ఉంది. తీయించమంటే తీయించడు, ఇమ్మంటే ఇయ్యడు. అందుకని నా కార్డు మీద చేర్చాం. వేలిముద్ర నేనేసేదాన్ని, మంచం మీద ఇది పడుకునేది.”

“మరి ఆఖరి స్కాన్‌కి నువ్వెందుకు పడుకున్నావమ్మా?”

సైదాబీ ఆమెను వింతగా చూసింది. “వేలు ఆ మిషను గది కాడే ఎయ్యమన్నారమ్మా ఆరోజు. వేశానో లేదో, గౌను చేతిలో పెట్టి లోపలికి పొమ్మన్నారు. కార్డుకు తీసే ఫొటో అనుకున్నా. ఇంటికి పంపేటప్పుడు కార్డు చేత పట్టించి ఫొటో తీస్తారుగా? అట్టాంటిదే అనుకున్నా. కార్డు నాదిగా మరి. నేనే పడుకోవాల గదా.”

రాగసుధ దారంతా తిట్టుకున్న తిట్లు అక్కడితో ఆగిపోయాయి. కార్డు పట్టుకోమంటే పట్టుకున్నారు, వేలు వెయ్యమంటే వేశారు, నవ్వకుండా కెమెరాకేసి చూడమంటే చూశారు. ఏది దేనికో ఎవరన్నా ఒక్క మాట చెప్పారా వీళ్లకి? అడిగితే కసిరారు. ఇక అడగడం మానేశారు.

“పెద్ద డాక్టరుగారు అది చూసి జబ్బు పోయిందన్నారు,” అంటోంది సైదాబీ. “ఫైలు మొత్తం నస్రత్‌దేగా. దాని గురించే చెప్పారనుకున్నాం. దర్గా కాడ ఫాతెహా ఇప్పించి ఊళ్లో తీపి పంచాం.”

“ఆ స్కాన్ నీ ఒంటిదమ్మా. నీకు జబ్బు లేదని ఆయన చెప్పాడు. నస్రత్ సంగతి ఎవరూ చూడలేదు.”

సైదాబీ నిలబడ్డచోటే కాయల మీద చతికిలబడింది. ఖలీల్ చెల్లెలి వంక చూశాడు. నస్రత్ ఇంకో తాలుకాయ తీసి పక్కకు విసిరింది.

“నాకు తెలుసు,” అంది.

తర్వాత లేచి, మోచేతి దగ్గర రాగసుధను పట్టుకుని, వరసకు దూరంగా నీళ్ల డ్రమ్ము దాకా నడిపించింది. అంత సన్నటి మనిషికి అంత పట్టు ఎక్కడిదో.

“ఎందుకొచ్చారండీ మీరు?” గుడ్డ లోపల నుంచే అంది. గొంతు తగ్గించే తిడుతోంది. “ఎవరు రమ్మన్నారు? మా వదిన ఇన్నాళ్లు కడుపునిండా అన్నం తింది. ఈ రోజు నుంచి తినదు. అది మీకెందుకులెండి.”

“తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?”

“నా పక్క మంచం మీద నజీరా అని ఉండేది. వాళ్లక్క కార్డు మీద చేరింది. ఆస్పత్రిలోనే పోయింది. పోయింది నజీరా, పోయినట్టు రాసింది వాళ్లక్కని. ఇప్పుడు ఆ అక్క బియ్యం ఆపేశారు. నేను బతికే ఉన్నానయ్యా అని ఆఫీసుల చుట్టూ తిరగతంది. ఆ మాట విన్నకాడి నుంచి నాకు నిద్ర లేదు. ఇంటి పట్టా మా వదిన పేరున ఉంది. నేను పోతే వదిన పోయినట్టు. పిల్లల తల్లి. నాకు అన్నం పెట్టినందుకు దాన్ని చంపి పోవాల్నా నేను? ఇంతలో మీ డాక్టరే తగ్గిపోయిందని పంపించాడు. నోరు మూసుకుని ఇంటికొచ్చా. ఇంట్లో పోతే ఏ కార్డుతో పనుండదుగా.”

ఆమె మెడ చుట్టూ తిప్పిన కొంగు సడలించింది. దవడ కింద ఉసిరికాయంత గడ్డ. దాని వెనక ఇంకొకటి. రాగసుధ వేళ్లతో తడిమింది. రబ్బరులా కదిలాయి. బొమ్మలో ఈ గడ్డల చుట్టూ తనే గీత గీసింది. అప్పుడు అవి బూడిదరంగు మచ్చలు. ఇప్పుడు వేళ్ల కింద వెచ్చగా ఉన్నాయి.

“నీ పాత బొమ్మలు మా పరిశోధనలో ఉన్నాయి నస్రత్. ఇది మళ్లీ మందులకు లొంగొచ్చు. కచ్చితంగా నయమవుతుందని నేను రాసివ్వలేను. ఊరుకుంటే మాత్రం పోతావు. అది రాసివ్వగలను.”

నస్రత్ కల్లం వైపు చూసింది. అక్కడ సైదాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు.

“మీ దగ్గర నా బొమ్మలున్నాయన్నారు. వాటి మీద ఎవరి పేరుంది?”

“ఎవరి పేరూ లేదు. నంబరు ఉంది.”

“బాగానే ఉంది. పేరు లేకపోయినా మీకు పనికొచ్చానన్నమాట.” నస్రత్ కొంగు మళ్లీ చుట్టుకుంది. “వస్తా. కానీ నా పేరు మీద వస్తా. వదిన వేలు ఒద్దు. పోతే నేనే పోవాల. బతికితే నేనే బతకాల. అట్టయితే చెప్పండి.”

“అట్లాగే,” అంది రాగసుధ. ఎట్లాగో తనకే తెలియదు.

ఆ సాయంత్రం ఆమె ఆ నంబర్ని తీసెయ్యలేదు. రెండుగా విడగొట్టింది. ఒక స్కాన్ ఒక మనిషిది, రెండో స్కాన్ జబ్బులేని ఇంకో మనిషిది అని, తప్పు ఆస్పత్రిదని రాసింది. మొదటి మనిషి దగ్గర “చివరికి ఏమైంది” అన్నచోట “తెలియదు” అని పెట్టింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో మొత్తం మళ్లీ చూసేదాకా సర్టిఫికెట్ ఇవ్వనని రాసి హైదరాబాద్‌కీ, శరత్‌చంద్రకీ కలిపి పంపింది. మర్నాడంతా ఆయన ఆమెతో మాట్లాడలేదు. నర్సులు ఆమె వస్తుంటే మాట్లాడుకోవడం ఆపేశారు.

మంగళవారం ముగ్గురూ వచ్చారు. కౌంటర్లో కార్డు లేకపోతే కుదరదన్నారు. రాగసుధ తన పూచీ రాసిచ్చి, ఖలీల్‌ని కింద కూర్చోబెట్టి, ఆడవాళ్లిద్దర్నీ నేరుగా శరత్‌చంద్ర గదిలోకి తీసుకెళ్లింది. ఇద్దరూ కొంగు తల మీదుగా కప్పుకుని బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. నస్రత్ కొంగు దవడ దాకా బిగించి ఉంది.

“తీసుకొచ్చేశావా?” అన్నాడు శరత్‌చంద్ర తలెత్తకుండా. “కేసు పెట్టించి మరీ వదులుతావా వీళ్ల మీద?”

“పెడితే మొదటి పేరు మనదే ఉంటుంది సార్. వేలు ఎవరిది, ఒళ్లు ఎవరిదని చూసుకోవాల్సింది మనం. ఇప్పుడు వైద్యం చెయ్యడానికి ఏం అడ్డమో చెప్పండి. ఈమెకి సొంత కార్డు నేను తిరిగి తెప్పిస్తాను. మెడలో గడ్డలున్నాయి, అందాకా ఆగే జబ్బు కాదిది.”

ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు. చెడ్డవాడైతే రాగసుధ పని సులువయ్యేది. ఆయన నిట్టూర్చి లేచాడు, చేతులకి శానిటైజర్ రాసుకున్నాడు, బల్ల దగ్గరికొచ్చాడు. గొంతు కూడా మెత్తబడింది. ఇంతకాలం వేలమందికి ధైర్యం చెప్పిన గొంతు అది.

సైదాబీ దారంతా ఏడుస్తూ వచ్చింది, ఇంకా ఏడుస్తోంది. ఆయన ఆమె ముందు ఆగాడు.

“ఏడవకమ్మా. నేనున్నానుగా. నెలల తరబడి నా చేతిమీదుగా మందులెక్కించుకున్నావు, నిన్ను మర్చిపోతానా?”

అని, కొంగు కిందుగా రెండు చేతులూ పోనిచ్చి సైదాబీ మెడ తడమడం మొదలుపెట్టాడు. దవడ కింద, చెవి వెనక, ఎముక గుంటలో, వేళ్లు ఓపికగా, పద్ధతిగా తిరిగాయి. సైదాబీ ఏడుపు ఆపి బిగుసుకుపోయింది. స్కాన్ గదిలోనూ ఇలాగే పడుకుని ఉంటుంది. చెప్పిన చోటల్లా కదలకుండా. రాగసుధకు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పకూడదనుకుంది.

“ఏమీ తగలట్లేదే,” అన్నాడాయన. రాగసుధ వైపు తిరిగాడు. మొహంలో నిజమైన ఊరట ఉంది, కొంచెం గెలుపు కూడా ఉంది. “నువ్వు చెప్పిన గడ్డలెక్కడ రాగసుధా? అనవసరంగా అందర్నీ కంగారుపెట్టావు.”

నస్రత్ తల మీది కొంగు తీసేసింది. కురచగా, కుచ్చుకుచ్చులుగా మొలుస్తున్న జుట్టు. మెడ చుట్టూ ఉన్న మడత విప్పి భుజం మీదికి జారవిడిచింది.

“ఇటు డాక్టరుగారూ.”

ఆయన చేతులు సైదాబీ మెడ మీదే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. రాగసుధ ఆయనకు సాయంగా ఒక్క మాట కూడా అనలేదు. జాలి వేసింది, అయినా అనలేదు. ఆమె కోపం ఇంకా అక్కడే, అలాగే ఉంది.

శరత్‌చంద్ర నస్రత్ మెడ మీదికి చెయ్యి చాపాడు. ఆమె వెనక్కి జరిగింది.

“ముందు పేరు రాసుకోండి. చూడటం తర్వాత.”

ఆయన తన టేబుల్ దగ్గరికి వెళ్లి కొత్త ఓపీ కాగితం తీసి కలం పట్టుకున్నాడు. పేరేంటమ్మా అని కాగితంకేసి చూస్తూనే అడిగాడు. జవాబు రాలేదు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

నస్రత్ వెంటనే చెప్పలేదు. ఆయన్ని కాసేపు చూడనిచ్చింది.